గుమ్మం ముందే పట్టుకోవాలా?

అంతరిక్షంలో ఓడ నడిపే వీడియో గేమ్ ఎలీట్ డేంజరస్‌లో దొంగసరుకు దించాలంటే ఒకటే టెన్షన్. దారిలో పోలీసులు పెద్దగా పట్టించుకోరు. అంతరిక్ష స్టేషన్ గుమ్మం దగ్గరికి రాగానే ఒకడు ఎక్కడినుంచో ఊడిపడి సరుకు స్కాన్ మొదలుపెడతాడు! సైలెంట్ రన్నింగ్ (ఓడ వేడిని లోపలే దాచే మోడ్) వేస్తే వాళ్ల స్కానర్లకి సులువుగా దొరకం, నిజమే. కానీ షీల్డులు పోతాయి, వేడి బయటికి పోయే దారిలేక ఓడ ప్రెషర్ కుక్కర్‌లా మరుగుతుంది. వేడిని పీల్చుకునే హీట్ సింక్‌ని బయటికి వదిలితే కాసేపు చల్లబడుతుంది, అయితే అవి ఉండేవే కొన్ని. పోనీ ఒక్క ఊపులో దూరిపోదామా అంటే, సెకనుకు 100 మీటర్లు దాటి ఎవరికైనా తగిలితే దానికీ శిక్షే. సరిగ్గా అప్పుడే ఏదో పెద్ద సరుకు ఓడ గుమ్మానికి అడ్డంగా తాపీగా కదులుతుంటుంది. (వాళ్లకి లైసెన్సు ఎవరిచ్చారో!) ఇంత హడావుడి చేసే పోలీసులు, అదే స్టేషన్ లోపల దర్జాగా నడిచే బ్లాక్ మార్కెట్ జోలికి మాత్రం పోరు.