ప్రభుత్వ గుర్తింపు పత్రం గారికి బందరు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రభుత్వ గుర్తింపు పత్రం గారి సముఖానికి,

బందరు వాస్తవ్యుడొకడు నమస్కరించి చేసుకొంటున్న విన్నపం. తమరు మా వీధి చివరి ప్రైవేటు బడి ఆఫీసు గదిలో, అద్దాల పటంలో, ఎండిపోయిన బంతిపూల దండ వేసుకుని క్షేమంగా ఉన్నారు. బోర్డు మీద బడి పేరు కన్నా తమరి నెంబరే పెద్ద అక్షరాల్లో ఉంది. మొన్న మనవణ్ణి చేర్చడానికి వెళ్ళి, పాఠాలు చెప్పేవారెవరని అడిగితే, గుమాస్తా మారు మాట్లాడకుండా తమరి వైపు చూపించాడు. పాఠాలు కూడా తమరే చెబుతారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంతటి తమరిని ఈ ఊళ్ళోనే ఒకప్పుడు గుమ్మం బయట నిలబెట్టారన్న సంగతి ఎత్తడం మర్యాద కాదు. కానీ ఆ గుమాస్తా చూపుడువేలు చూశాక ఎత్తకుండా ఉండలేకపోతున్నాను.

1843 నుంచి మా ఊళ్ళో రాబర్ట్ నోబుల్ దొరగారి మిషను బడి ఉంది. అందులో ఇంగ్లీషు నేర్చినవాడికి కచేరీ కొలువు అందుబాటులో ఉండేది. ఇంత సుఖం ఉండగా, 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చి వెళ్ళాక, మావాళ్ళకు స్వంత బడి పిచ్చి పట్టుకుంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు కూడబలుక్కుని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు అజమాయిషీ వద్దన్నారు. పట్టాభి గారు ఆ నోబుల్ కాలేజీలో చదివినవారే. అంటే తమరి ఉప్పు తిన్నవారే తమరిని కాదన్నారన్నమాట. హనుమంతరావు గారైతే బి.ఎల్. చదివి కూడా, ప్లీడరీ చేసి మేడలు కట్టుకోకుండా, ఆ బడికోసం జీవితం ధారపోసి 1922లో కన్నుమూశారు. తమరొక్కరు ఆ గోడమీద ఉండి ఉంటే ఆయనకు అంత శ్రమ ఉండేదా?

పైగా అక్కడ పుస్తకాల పక్కనే మగ్గాలూ, వడ్రంగం పనిముట్లూ పెట్టారు. బొమ్మలు నేర్పడానికి ప్రమోదకుమార ఛటర్జీని బెంగాలు నుంచి రప్పించారు. మన అడివి బాపిరాజు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. చదివించిన కొడుకు పలక బదులు రంగులు పూసుకుని ఇంటికొస్తే, "తాలూకా కచేరీలో ఉద్యోగమెప్పుడురా?" అని అడగని తండ్రి ఉంటాడా? ఆ తండ్రులంతా తమరి పక్షమే అయి ఉంటారు. వారిని నేను తప్పుపట్టను, నేనూ ఆ జాతివాణ్ణే.

తమరికి అన్నిటికన్నా కష్టం కలిగించే విషయం ఇంకొకటుంది. 1921లో గాంధీగారు తమ యంగ్ ఇండియా పత్రికలో జాతీయ జెండా గురించి రాస్తూ, పింగళి వెంకయ్య గారిని మచిలీపట్నం జాతీయ కళాశాలవారని పరిచయం చేశారు. తమరి నెంబరు వేయలేదు. అచ్చుతప్పు అనుకుందామన్నా కుదరదు.

అయితే తమరు ఓర్పుగలవారు. దొరలు వెళ్ళిపోయారు, సర్కారు మనదైంది, మనదైన సర్కారును కాదనడానికి ఎవరికీ కారణం కనబడలేదు. ఆ కళాశాల నేడు 2008లో పుట్టిన కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది. తనకన్నా దాదాపు వందేళ్ళు చిన్నదాని చేత యోగ్యతాపత్రం రాయించుకోవడం వింతగానే ఉన్నా, పట్టా లేకుండా బయటికొచ్చే పిల్లలకు ఎవరు కూడుపెడతారు? అందుచేత ఆ విషయంలో తమరిని నిందించను.

నా విన్నపం చిన్నది. ఆ బోర్డు మీద కాస్త పక్కకు జరిగి, పంతుళ్ళ పేర్లకు జానెడు చోటివ్వండి. పాఠాలు చెప్పేది వారేనని పైకి తెలిసినా తమరి హోదాకు లోటు రాదు.

మనవణ్ణి చేర్పించాను. తమరి మెడలో దండ ఎండిపోయిందని వస్తూ వస్తూ గుమాస్తాకు చెప్పాను. వచ్చే నెల ఫీజులో కలుపుతామన్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఫీజు కట్టిన తాతయ్య