అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోయినా...

మూడేళ్ల పాప ట్యాబ్ మీద కుక్క బొమ్మను వేలితో తాకింది. ‘డాగ్’ అంది ట్యాబ్. ‘దాగ్’ అంది పాప. వెంటనే చప్పట్లు, నక్షత్రాల వాన, ఇంకో బొమ్మ. పాప ‘పిల్లి’ అన్నా అవే చప్పట్లు. తాకడం తప్ప దానికి ఏదీ వినపడదు.

పసిపిల్లలకు ఇంగ్లీషు నేర్పే యాప్‌ల మీద డబ్బు గుమ్మరిస్తున్నవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది ఈ చెవుడునే. పసిపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో అమెరికాలో 9 నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే, 12 విడతల్లోనే పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టేశారు. ఆ మాటలనే వీడియోలో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. తెర ఉన్నంత మాత్రాన చదువు చెడిందనుకోనక్కర్లేదు. రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారని, రికార్డు చేసిన వీడియో నుంచి నేర్వలేకపోయారని 2014లో మరో పరిశోధన తేల్చింది. అవతలి మనిషి తన మాటకు బదులిస్తే బిడ్డ నేర్చుకుంటుంది.

మరి ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాకపోతే? అసలు చిక్కు ఇదే. దీనికి 1980ల తొలినాళ్లలోనే కెన్యాలో ఓ దారి దొరికింది. అక్కడ రేడియోలో ఇంగ్లీషు పాఠాలు ప్రసారమయ్యేవి. రేడియో ప్రశ్న అడిగి కాసేపు ఆగేది, తరగతి మొత్తం గొంతెత్తి జవాబు చెప్పడానికి. ఉచ్చారణ రేడియో చూసుకుంటే పిల్లలను టీచర్ చూసుకునేవారు. ఇంట్లోనూ పని అలాగే పంచుకోవచ్చు. ‘డాగ్’ ఎలా పలకాలో యంత్రం చెబుతుంది. ‘పొద్దున మనం చూసిన కుక్క ఏం చేసిందే?’ అని అడగడానికి అమ్మమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదు. పిల్ల ఇంటి భాషలో కథంతా చెప్పి మధ్యలో ‘డాగ్’ అంటే, ఆ మాట దానికి వచ్చినట్టే.

పాఠాలు మార్చుకునే వీలూ ఉండాలి. మంచు ముఖమే ఎరగని పిల్లకు మంచుబొమ్మ చూపించి ‘స్నో’ అంటే ఏం తెలుస్తుంది? కంపెనీ తాళం వేసిన యాప్‌లో ఆ బొమ్మను టీచర్ తీసేయలేదు. ప్రథమ్ బుక్స్ వారి ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్ 2015 నుంచి పిల్లల కథలను ఎవరైనా అనువదించుకునేలా, మార్చుకునేలా ఉచితంగా ఇస్తోంది. కొనేవాళ్లు అలాంటి అనుమతినే షరతుగా పెట్టాలి. యాప్ పిల్లల గొంతులను రికార్డు చేస్తుంటే అవి ఎక్కడికి పోతున్నాయో కూడా అడగాలి.

రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మిగిలిన ఇరవై మూడు గంటలకు ఏ యాప్ పనికొస్తుంది?

బ్యాటరీ ఎంతసేపు నిలవాలో, తెర ఎన్ని అంగుళాలుండాలో ట్యాబ్‌లు కొనే టెండర్లలో వివరంగా రాస్తారు. పాఠాన్ని ఎవరు మార్చవచ్చు, పిల్లల పక్కన ఎవరు కూర్చుంటారు, వాళ్లకు జీతం ఎవరిస్తారు? ఈ మూడూ అదే కాగితంలో రాయాలి, మొదటి ట్యాబ్ కొనకముందే.