ప్రశాంతతకు డిక్కీ నిండా సామాను

బెజవాడవాడికి ఏడాదికోసారి ప్రశాంతత కావాలనిపిస్తుంది. ఈ కోరిక సాధారణంగా బెంజిసర్కిల్ దగ్గర పుడుతుంది. ముందున్న ఆటో కదలదు, వెనకున్న బస్సు ఊరుకోదు, మన అరచెయ్యి హారన్ మీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే, ఎక్కడైనా నీటి ఒడ్డున చిన్న ఊళ్లో ఒక రోజు పడి ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. అలా అనిపించినా హారన్ మీద చెయ్యి మాత్రం తియ్యం.

ఊరిని ఎంపిక చేసే బాధ్యత మా బావమరిది తీసుకున్నాడు. సూర్యలంక వద్దన్నాడు. ఆదివారం అక్కడ సముద్రం కనిపించాలంటే ముందు గుంటూరంతా కాస్త పక్కకి జరగాలట. మంగినపూడి అంటే, అక్కడ ఇసుక బదులు నల్లమట్టి, తెల్లబట్టలు పాడైపోతాయని మా చెల్లెలు కొట్టేసింది. చివరికి నాగాయలంక ఖాయమైంది. దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఏటి ఒడ్డున ఊరు. జనం పెద్దగా ఉండరు. జనం ఉండని చోటు కాబట్టి మేం ఇరవై ముగ్గురం బయల్దేరాం.

సామాను సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రెండు క్యాన్ల పులిహోర, ఒక క్యాన్ దద్దోజనం, ఊరగాయ జాడీ, మడత కుర్చీలు, రెండు బ్లూటూత్ స్పీకర్లు (ఒకదాని ఛార్జింగ్ అయిపోతే ప్రశాంతతకు భంగం కలగకుండా రెండోది), ఒక మిక్సీ. "మిక్సీ ఎందుకత్తయ్యా?" అన్నాను. "పొద్దున రుబ్బిన కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికి ఉంటుందా నాయనా?" అన్నారు. ఈ ప్రశ్నకు నాకు తెలిసి ఏ అల్లుడి దగ్గరా జవాబు లేదు.

ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి దాటి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని, అవనిగడ్డ మీదుగా చేరాం. ఏరు విశాలంగా, గాలి చల్లగా, దూరంగా ఒక్క పడవ. ప్రశాంతత నిజంగానే ఉంది. నాలుగు నిమిషాలు ఉంది. ఐదో నిమిషంలో మా తోడల్లుడు "అబ్బ, ఎంత సైలెంటుగా ఉందో!" అని గట్టిగా అరిచాడు. వెనక ఉన్నవాళ్లకి వినపడక మళ్లీ చెప్పించుకున్నారు.

తర్వాత ప్లగ్గు కోసం వెతుకులాట మొదలైంది. ఏటి ఒడ్డున ప్లగ్గు పెట్టాలన్న ఇంగితం ఎవరికీ లేకపోయింది. రోడ్డు పక్క టీ కొట్టులో ఒకటి దొరికితే, చాపలన్నీ అక్కడికి మార్చి, ఏటికి వీపు పెట్టి కూర్చున్నాం.

"బెజవాడ నించి నీళ్లు చూడ్డానికొచ్చారా?" అన్నాడు కొట్టాయన, టీ తిరగబోస్తూ. "మీ బ్యారేజీ గేట్లెత్తితేనే ఇది కృష్ణండీ. లేకపోతే పోటుకి వెనక్కొచ్చిన ఉప్పునీళ్లే."

సిగ్గేసింది. 1957లో పూర్తయిన కిలోమీటరు పైచిలుకు ప్రకాశం బ్యారేజీ మాది. దానికి వందేళ్ల ముందునుంచే కాలవలున్నాయి. ఒకప్పుడు పడవలు తిరిగిన బందరు, ఏలూరు, రైవస్ కాలవలు మూడూ మా ఊరి మధ్యలోంచే పోతాయి. నీటి ఒడ్డు ఊరంటే ఇంకెలా ఉంటుంది? కానీ మా వీధిలో కాలవ గొప్పతనం చాలామందికి కవరు విసిరేటప్పుడే గుర్తొస్తుంది. వంతెనకి ఇనప జాలీ కట్టారు. దాని పైనుంచి కవరు అవతల పడేలా విసరడంలో మా పక్కింటాయనది మంచి గురి. ఆ కవరు మాకంటే ముందే, టోల్ కట్టకుండా, విహారయాత్రకి పోతుంది.

"ఇక్కడ మీకు రోజూ ఈ ప్రశాంతతే, అదృష్టవంతులు," అన్నాడు బావమరిది, పాట మారుస్తూ.

కొట్టాయన గ్లాసులు పెట్టి ఏటివైపు చూశాడు. "మరీ చప్పుడు లేకపోతే మాకు నచ్చదండీ. ఉప్పెనప్పుడు నాకు తొమ్మిదేళ్లు," అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. 1977 నవంబరు 19. దివిసీమలో వేల మంది ఒక్క రాత్రిలో పోయారు. మేం చదువుకున్న తారీఖు అది. ఆయనకి చదవాల్సిన అవసరం లేదు. బావమరిది స్పీకరు కట్టేశాడు. ఎవరం ఏం మాట్లాడాలో తెలీక టీ తాగాం.

ఈ మాటలేవీ వినపడని అత్తయ్యగారు వెనకాల ఫ్రిజ్జు ప్లగ్గు పీకి మిక్సీది పెట్టారు. మిక్సీ గిర్రుమంది. టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాను ఆగింది. మెట్ల కింద నీళ్లు రాళ్లని తాకే చప్పుడు, వచ్చిన మూడు గంటల తర్వాత, మొదటిసారి వినపడింది.

"కరెంటు ఎప్పుడొస్తుందండీ?" అన్నాం, దాదాపు ఇరవై ముగ్గురమూ ఒకేసారి.