ట్రాక్టర్‌కి ప్రత్యామ్నాయం ఏది?
2024 జనవరిలో జర్మనీ రైతులు ట్రాక్టర్లతో రోడ్లు మూసేసింది పర్యావరణం అంటే లెక్కలేకే అని కొందరు రాశారు, ఈ మాట నేను ఒప్పుకోను. వాళ్లు రోడ్డెక్కింది డీజిల్ రాయితీ కోసం. రైతుకి లీటరు డీజిల్ మీద దాదాపు 21 సెంట్లు తిరిగొచ్చే ఆ రాయితీని ప్రభుత్వం తీసేయాలని చూసింది వాతావరణం కోసం కాదు, 2023 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 6,000 కోట్ల యూరోల నిధుల మళ్లింపు చెల్లదని చెప్పాక బడ్జెట్‌లో పడ్డ గండి పూడ్చడానికి. విమానాల ఇంధనానికి పన్ను మినహాయింపు మాత్రం అలాగే ఉంచారు! డీజిల్ మానేయాలంటే, రోజంతా దున్నగలిగే పెద్ద బ్యాటరీ ట్రాక్టర్ చిన్న రైతు కొనగలిగే ధరలో ఎక్కడుందో చెప్పండి. నేను అక్కడ ఒక పల్లెలో మూడేళ్లు ఉన్నాను. 2023 మేలో దేశమంతా లోకల్ బస్సులు, రైళ్లలో తిరగడానికి 49 యూరోల నెలవారీ టికెట్ వచ్చినప్పుడు బెర్లిన్‌లో ఉన్న ఫ్రెండ్స్ ఎంతో సంతోషపడ్డారు, కానీ మా ఊళ్లో సాయంత్రం ఆరు దాటితే బస్సే లేదు, ఆదివారం అసలే లేదు, ఇంక టికెట్ ఎంత చవకైతే ఏం లాభం? పక్కింటి పెద్దాయన డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు కారు తీయాల్సిందే. అలాగని రాయితీలన్నీ న్యాయమైనవే అనను. యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయ విధానానికే పోతుంది, అందులో ఎక్కువ భాగం హెక్టార్ల లెక్కన ఇస్తారు కాబట్టి భూమి ఎక్కువున్నవాడికే డబ్బు ఎక్కువ. రాయితీల్లో కోత పెట్టాలంటే ముందు అక్కడ పెట్టాలి, ఆ మిగిలిన డబ్బుతో పల్లెలకి బస్సులు వేయాలి.