ఇత్తడి పెంబర్తిల ఉండనియ్యండి, రియాక్టర్‌ల వద్దు

“ఇంట్ల చేసిన కాల్షియం రియాక్టర్ కారకుండ ఆరు చిట్కాలు” అని ఒక మెసేజ్ వరంగల్, హన్మకొండ అక్వేరియంవాళ్ల ఫోన్లల్ల తిరుగుతనే ఉన్నది. ఈ రియాక్టర్ అంటే ఉప్పునీళ్ల పగడాల అక్వేరియంకు కాల్షియం అందించే డబ్బ, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తోని లోపలి పగడపు రాళ్లను కరిగిస్తది. పొద్దున ఒకరు పంపితే మాపటికి ఇంకొకరు. చదివి పంపుతున్నరా, పంపినంక చదువుతున్నరా?

సబ్బు నురుగుతోని గ్యాస్ లీక్ చూడాలన్నరు. సరే. టెఫ్లాన్ టేపు 10 చుట్లట. 3, 4 చాలు, అదిగూడ మర బిగించే దిక్కుకే. టేపు మందమైతే ఎఫ్‌టీఏ (లోపల మర ఉండే ప్లాస్టిక్ ఫిట్టింగు) నోరు నిలువున పగులుతది.

జాయింట్లకు సిలికాన్ పూయాలట. సిలికాన్ అద్దానికి పట్టినట్టు పీవీసీకి పట్టదు. ఆరినంక గోరు పెట్టి లాగితే తోలు లెక్క ఊడొస్తది. అక్రిలిక్ గోడకు ట్యాంక్ నిపుల్ పెట్టండి. రబ్బరు వాషర్ నీళ్ల దిక్కు రావాలె, చేత్తో బిగించినంక పావు తిప్పు, గంతే.

పీవీసీ అతికించే సాల్వెంట్ పూసిన గంటకే నీళ్లు వదలొచ్చట! పైపుకు, ఫిట్టింగుకు రెండిటికీ పూసి, పావు తిప్పు తిప్పుతూ అడుగుదాక నెట్టి, అర నిమిషం పట్టుకోవాలె. వదిలేస్తే పైపు మెల్లగ వెనుకకు జరుగుతది. మన ఎండలకు డబ్బల సాల్వెంట్ చిక్కబడుతది, ముద్దగ లేస్తే పారేయాలె. 24 గంటలు ఆరనిచ్చి, మొదటి నీళ్లు మోరిల పొయ్యండి.

ఇగ అసలు ముచ్చట. “ప్లాస్టిక్ నిపుల్ విరుగుతది, ఇత్తడిది పెట్టి సఫేదా, దారం చుట్టండి.” బోరు మోటరుకు బిగిస్తున్నమా? రియాక్టర్ లోపల ఉప్పునీళ్లు, పీహెచ్ 6.5 దగ్గర, అంటే కొంచెం ఆమ్లం. ఇత్తడిల రాగి, జింకు రెండూ ఆ నీళ్లల్ల కరుగుతయి. చేపల తెల్లచుక్కల రోగానికి వేసే రాగి మందు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములే, గంతకే రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తయి. మీరు 24 గంటలు మందు చుక్కలు పోసే మిషన్ తయారు చేస్తున్నరు, శభాష్! నల్లా మరలకు పూసే ఆ తెల్ల ముద్ద సఫేదాల సీసం గూడ ఉండొచ్చు. అమ్మేటాయనకు నల్లా తెలుసు, పగడం తెలువదు. సిలిండర్ రెగ్యులేటర్ ఇత్తడిదే కదా అంటరు. అది పొడి గ్యాస్ దిక్కు ఉంటది. నీళ్లు అటు ఎక్కకుండ మధ్యల ప్లాస్టిక్ చెక్ వాల్వ్ పెట్టాలె.

కారే జాయింటుకు ఎంసీల్ అద్దమన్నరు. నవ్వుదమనుకున్న గని, ఆ చిట్కా సగం నిజమే. రాత్రి షాపులు మూసినంక జాయింటు చెమ్మగిల్లితే పంపు ఆపి, నీళ్లు దించి, తుడిచి, గరుకు కాగితంతోని రాకి, రెండు ముద్దలు ఒకే రంగు వచ్చేదాక పిసికి బయటనుంచి అద్దండి. తెల్లారేదాక ఆగుతది. పంపు అదురుకు వారంల అంచు లేస్తది గనుక, పొద్దున షాపు తెరువంగనే ఎల్బో మార్చుడే.