డాక్టరు గారి బండి

ఈ దేశంలో డాక్టర్ల కొరత ఉందనేవాళ్లు ఒక్కసారి పాత బైకుల ప్రకటనలు చదవాలి. రెండు నెలలుగా రాత్రి భోజనం కాగానే నాది అదే పని. ‘సింగిల్ హ్యాండ్, డాక్టర్ యూజ్డ్, షోరూం కండిషన్, అర్జెంట్ సేల్.’ దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు, మల్కాజిగిరిలో డాక్టరు, పటాన్‌చెరులో ఇద్దరు డాక్టర్లు. ఒక్క కూకట్‌పల్లిలోనే పదిహేడు మందిని లెక్కపెట్టాను. వీళ్లంతా బండి తీసేది ఆదివారం మాత్రమే. అదీ ఇంటి నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి. చినుకు పడితే బయటికి తీయరు. పోయిన ఏడు మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారి కోసం మూడు గంటలు కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన ఎక్కడున్నాడో ఇప్పుడు అర్థమైంది. బండి తుడుచుకుంటూ ఉండి ఉంటాడు.

ఇంజనీర్లకు ఈ గౌరవం లేదు. హైదరాబాదులో గులకరాయి విసిరితే ఇంజనీరుకు తగులుతుంది, అయినా ‘ఇంజనీర్ యూజ్డ్’ అని ఎవడూ రాయడు. లెక్చరర్ల సంగతి అసలే వద్దు. నేను లెక్చరర్ని. ఎకనామిక్స్.

నాకు ఈ వయసులో బండి ఎందుకంటే, మా ఇంటి నుంచి కాలేజీ పదకొండు కిలోమీటర్లు, కారులో గంటా పది నిమిషాలు. సిగ్నల్ దగ్గర నేను స్టీరింగ్ పట్టుకుని ధ్యానంలో ఉంటే, నా విద్యార్థులు నా అద్దం పక్కనుంచి దూరిపోతూ నమస్తే పెడతారు. నేను వెళ్లేసరికి క్లాసులో కూర్చుని ఉంటారు. నేనూ ఒకప్పుడు అలా దూరినవాణ్ణే. 2007లో పాప పుట్టాక కారు కొన్నాం, బండి అమ్మేశాం. పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ బండి అనేసరికి మా ఆవిడ ఒకటే అడిగింది. ‘మీ నడుము సంగతి బండికి చెప్పారా?’

కొత్తది కొనొచ్చు కదా అంటారు. నాకూ చెప్పారు. కానీ ఈ వయసులో మళ్లీ నేర్చుకునేవాడు పడేస్తాడు, పడేసేది ఎలాగూ పడేస్తాడు, పాతదైతే ఏడుపు తక్కువ. ఇది ఎకనామిక్స్.

మొదట మనసు యమహా ఆరెక్స్ హండ్రెడ్ బండి మీదికి పోయింది. మా తరం వాళ్లకు పోక తప్పదు. ఒకాయన ‘2003 మోడల్, ఒరిజినల్’ అని లక్షన్నర పెట్టాడు. కంపెనీ ఆ బండి తయారీ 1996లోనే ఆపేసింది కదా అంటే, ‘అందుకే సార్ అంత రేటు’ అన్నాడు. జవాబు తోచలేదు, ఫోన్ పెట్టేశాను.

చివరికి ఒక 150 సీసీ బండి నచ్చింది. 2013 మోడల్, ఎల్బీనగర్ దాటాక ఒక కాలనీలో. డాక్టర్ యూజ్డ్ అని వేరే చెప్పక్కర్లేదు కదా. ‘బయల్దేరే ముందు ఒక్క ఫోన్ కొట్టండి సార్’ అన్నాడు కుర్రాడు ఫోన్లో. పాత బండి కొన్నవాళ్లందరికీ ఈ వాక్యం తెలుసు. మనం ఫోన్ కొట్టాలి, వాళ్లు కిక్కు కొట్టాలి. మనం వెళ్లేసరికి ఇంజను కాగి ఉండాలి, సెల్ఫ్ నొక్కగానే బుద్ధిగా పలకాలి. అందుకని ఫోన్ చేయకుండా అరగంట ముందే వెళ్లాను.

గల్లీ మొదట్లోనే ఒక చిన్నపిల్లాడు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ‘వచ్చిండూ!’ అని అరిచి పరుగెత్తాడు. కాపలా పెట్టారు! నేనూ వెనకే అంగలేశాను. ఇంటి ముందు దృశ్యం చూడాల్సిందే. బండి సెంటర్ స్టాండు మీద ఉంది. కుర్రాడు బనియన్ తడిసిపోయి కిక్కు కొడుతున్నాడు. పక్కన లుంగీ కట్టుకున్న పెద్దాయన చోక్ లాగి పట్టుకున్నాడు. ఒకావిడ కార్బరేటర్ మీద గుడ్డ కప్పి, పసిపిల్లకు ఆవిరి పట్టినట్టు వంగి చూస్తోంది. ఇంకొకతను స్పార్క్ ప్లగ్గు ఊడదీసి చొక్కాకు తుడుస్తూ, నన్ను చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు. ప్లగ్గు ఆయన జేబులో ఉంటే ఈయన కిక్కెందుకు కొడుతున్నాడో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. అందరూ ఒక్కసారి ఆగి నావైపు చూశారు. కుర్రాడు చెమట తుడుచుకుని నవ్వాడు.

‘కడుగుతున్నాం అంకుల్.’

ఫోన్లో సార్ అన్నవాడు మనిషిని చూడగానే అంకుల్ అన్నాడు. దాంతో బేరంలో సగం వాడే గెలిచాడు.

ప్లగ్గు దాని చోటుకు అది చేరాక బండి పలికింది. వెనక నుంచి నీలంగా పొగ. ‘ఇది చలికి వచ్చే పొగ’ అన్నాడు పెద్దాయన. మే నెల. ఇంజన్లోంచి వస్తున్న చప్పుడు గురించి అడిగితే ‘ఈ మోడలే అంత, కంపెనీ సౌండ్’ అన్నాడు. మీటరు చూశాను, 14,212 కిలోమీటర్లు. పన్నెండేళ్లకు లెక్కేస్తే డాక్టరు గారు రోజుకు మూడు కిలోమీటర్లు నడిపారు. కానీ బ్రేకు పెడలు చూస్తే దాని మీద గీతలన్నీ పోయి చెంచాలా నున్నగా మెరుస్తోంది. గేరు రాడ్డు రబ్బరు చిరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. మూడు కిలోమీటర్లలో డాక్టరు గారు ఎన్నిసార్లు బ్రేకు తొక్కాడో, ఎన్ని గేర్లు మార్చాడో! ‘టైర్లు కొత్తవంకుల్, చూడుండ్రి, ముళ్లు కూడా పోలే’ అన్నాడు. నిజమే, ముళ్లున్నాయి. టైరు పక్కన మట్టి గీకితే నాలుగంకెలు కనిపించాయి, 3215. అంటే 2015లో ముప్ఫై రెండో వారం. పదేళ్ల కొత్త టైరు. వేలితో నొక్కితే మొక్కజొన్న చేను బీటలిచ్చినట్టు సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి.

ఇంతకీ డాక్టరు గారు ఏ డాక్టరని అడిగాను. ‘పెద్ద డాక్టరంకుల్’ అన్నాడు. దేనికి పెద్ద డాక్టరంటే ‘అన్నిటికీ’ అన్నాడు. ఏ ఆసుపత్రి? ‘సొంతంగా.’ ఎక్కడ? అప్పుడు లుంగీ పెద్దాయన కలగజేసుకున్నాడు. ‘ఊర్ల చూస్తుండె. ఎడ్లకు, బర్లకు.’ పశువుల డాక్టరా అంటే, కాదు, పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరు. ఆయన బావమరిది మెడికల్ షాపు. బండి ఆ బావమరిదిది. రోజూ మందుల అట్టపెట్టెలు కట్టుకుని మూడు మండలాలు తిరిగిన బండి అది. వెనక క్యారియరు ఊడదీసిన బోల్టు గుంతలు ఇంకా తాజాగా ఉన్నాయి.

చలాన్లున్నాయా అంటే ‘ఉన్నయ్ గానీ కట్టకుండ్రి’ అని కుర్రాడు సలహా ఇచ్చాడు. ‘ఆఫరొస్తది.’ వీణ్ణి తప్పుపట్టలేను. తెలంగాణలో 2022 మార్చిలో బైకుల పాత చలాన్లకు 75 శాతం తగ్గింపు ఇచ్చారు, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం ఇచ్చారు. వేసిన రోజే కట్టినవాడు వెర్రివాడయ్యాడు. ఆషాఢం చీరలకు ఆగినట్టు జనం జరిమానాలకు ఆగడం నేర్చుకున్నారు. ఇన్సూరెన్స్? ‘పోలీసోళ్లు ఆపితే కట్టుకోవచ్చంకుల్.’

ఇక కాగితాలు. ఒక పాత మిఠాయి కవరులోంచి సీ బుక్కు, పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30 తీశాడు. ఫారాలు రెండు సెట్లు. అన్నిటి మీదా సంతకం ఉంది. తేదీ ఖాళీ, కొనేవాడి పేరు ఖాళీ, అడ్రసు ఖాళీ. బండి ఎన్ని చేతులు మారిందంటే ‘సింగిల్ హ్యాండే, సీ బుక్కు చూడుండ్రి’ అన్నాడు. సీ బుక్కులో ఒకే పేరు ఉన్న మాట నిజం. చేతులెన్ని మారినా పేరు మాత్రం మారలేదు. ప్రతివాడూ ఖాళీ కాగితాలు తీసుకున్నాడు, ఖాళీగానే తర్వాతివాడికి అందించాడు. సింగిల్ హ్యాండంటే ఇదన్నమాట.

‘సంతకం పెట్టినాయన్ని ఒకసారి కలవొచ్చా?’ అన్నాను.

‘ఆయన చనిపోయిండంకుల్. కరోనాల.’

‘మరి ఈ సంతకాలు?’

‘పోకముందే పెట్టిండు.’

నేను రెండు సెట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో సంతకం కుడికి వాలి ఉంది, రెండోదాంట్లో నిటారుగా ఉంది, పైగా ఇంకు మెరుస్తోంది. కుర్రాడు నా మొహం చూశాడు. చాలా ఓపికగా, కస్టమరుకు ఇంకో సైజు చొక్కా తెస్తానన్నట్టు చెప్పాడు.

‘ఇవి నచ్చకపోతే వేరే సెట్ చేయిస్తనంకుల్. రేపు సాయంత్రానికి ఇస్త.’

చనిపోయినాయన బండికి ఫారం 31 అని వేరే ఉంది, వారసులు పెట్టుకోవాలని చెప్పబోయాను. ‘అవన్నీ ఎవరు తిరుగుతరు?’ అన్నాడు లుంగీ పెద్దాయన, నామీద జాలితో.

ఎవరు తిరుగుతారో నేను చూశాను. మా వీధి చివర ఇస్త్రీ చేసుకునే ఒకాయన ఉండేవాడు. 2016లో సంక్రాంతికి ముందు, బొగ్గుల సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటుతుంటే ఒక బైకు గుద్దింది. నడిపినవాడు బండి అక్కడే పడేసి పారిపోయాడు. ఇస్త్రీ ఆయన కుడికాల్లో రాడ్డు వేశారు. రోజంతా నిలబడి చేసే పని అది, నిలబడడమే పోయింది. నంబరు పట్టుకుని పోతే ఖమ్మం దగ్గర ఒక దర్జీ తేలాడు. ఆయన 2010లోనే పద్నాలుగు వేలకు బండి అమ్మేశాడు, బ్రోకరు చెప్పినచోటల్లా ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఇన్సూరెన్స్ లేదు. రిజిస్టరులో పేరు దర్జీది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో పేరున్నవాడే ఓనరని, నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. చట్టం తప్పేం చెప్పలేదు. దెబ్బ తిన్నవాడు చేతులు మారిన ప్రతివాడినీ వెతుక్కుంటూ పోలేడు కదా. కానీ కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద కాలు విరిగిన ఇస్త్రీ ఆయనా, బండి మొహం చూసి ఏళ్లయిన దర్జీ కూర్చుని ఉంటే నేను చూశాను. దర్జీ బస్సు చార్జీలకు అప్పు చేసి వచ్చాడు. ఇస్త్రీ ఆయనే అతనికి టీ ఇప్పించాడు.

గుద్దినవాడు లేడు. వాడికి అమ్మినవాడు లేడు. అంతకుముందువాడూ లేడు. ‘పేరు మార్పిడి ఎందుకన్నా, దండగ ఖర్చు’ అని దర్జీకి చెప్పిన బ్రోకరు హాయిగా ఇంకో బండి అమ్ముకుంటూ ఉంటాడు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు ముప్ఫై రోజుల్లో తన పేరు ఎక్కించుకోవాలి. 1988 నుంచి చట్టంలో ఉన్న ముక్క ఇది. ఐదొందలు తగ్గించమని అరగంట కొట్లాడతారే, సీటు కవరు ఫ్రీగా ఇస్తావా అని పీకుతారే, ఒక్కపూట ఆర్టీఏ ఆఫీసుకు పోవడానికి ఏం రోగం? పోరు, ఎందుకంటే పేరు లేకపోవడమే వాళ్లకు కావాలి. చలాను ఇంకొకడికి పోవాలి, కేసు ఇంకొకడికి పోవాలి, విరిగిన కాలు ఎవడిదైనా కావాలి. దాన్ని తెలివి అంటారు. ఎదుటివాడి పేరు మీద మనుషుల్ని గుద్దే హక్కు కొనుక్కుని, దానికి ‘ఓపెన్ పేపర్స్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు దొంగ వెధవలు.

బండి కొనలేదు. సమోసా పెట్టారు, తిని వచ్చాను.

ఇంటికొచ్చి పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. 2007లో నా ప్యాషన్ బండి అమ్మినప్పుడు నేనేం చేశాను? మెకానిక్కు తెలిసిన కుర్రాడెవడో వచ్చాడు. పాపకు టీకా వేయించాల్సిన రోజు, హడావిడిగా ఉన్నాను. ఎక్కడెక్కడ సంతకం పెట్టమంటే అక్కడల్లా పెట్టాను. తేదీ వేశానా? కొనేవాడి పేరు అడిగానా? పొద్దున్నే లేచి చలాన్ల సైటులో నా పాత నంబరు కొట్టాను. మనిషి ఆధార్ నంబరు మరిచిపోతాడు గానీ మొదటి బండి నంబరు మరిచిపోడు. పదకొండు చలాన్లు వచ్చాయి. హెల్మెట్ లేదు, ముగ్గురెక్కారు, రాంగ్ రూటు. ఒక్కోదాని మీద 35 రూపాయల యూజర్ చార్జీ అదనం. ఆర్టీఏ ఆఫీసు ఎదురుగా ఫారాలు నింపే కొట్టు పెట్టుకున్న నా పాత విద్యార్థి ఒకడున్నాడు. వాణ్ణి కనుక్కోమన్నాను. మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు.

‘సార్, బండి మీ పేరు మీదే ఉంది సార్. రిజిస్ట్రేషన్ గడువు 2016లోనే అయిపోయింది. సింగిల్ ఓనర్ సార్.’

ఆగి, కొంచెం గౌరవంగా, ‘పేరు ముందు డాక్టర్ అని కూడా ఉంది సార్’ అన్నాడు.

ఉంటుంది. 2001లో ఆ బండి కొన్నప్పుడు నాకు పీహెచ్‌డీ కొత్తగా వచ్చింది. అనంతపురం జిల్లాలో వేరుశనగ మార్కెట్ల మీద నాలుగేళ్లు తిరిగి రాశాను. ఆ ఊపులో గ్యాస్ బుక్కు మీద, లైబ్రరీ కార్డు మీద, సీ బుక్కు మీద, ఎక్కడ పేరు రాయమంటే అక్కడ ముందు డాక్టరు తగిలించాను.

సాయంత్రం మా పాప చలాను ఫొటో పెద్దది చేసి చూసింది. ఉప్పల్ చౌరస్తాలో నా ప్యాషన్ మీద ముగ్గురు కుర్రాళ్లు. మధ్యలోవాడు పకపకా నవ్వుతున్నాడు.

‘నాన్నా, నంబరు ప్లేటు పక్కన ఇదేంటి?’

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎర్ర ప్లస్ గుర్తు స్టిక్కరు. నేను అంటించింది కాదు.