చర్చి స్థలాన్ని ఏం చేయాలో ఎవరిని అడగాలి?

వాషింగ్టన్ నగరం నుంచి పొటోమాక్ నది దాటితే ఆర్లింగ్టన్ వస్తుంది. ఉత్తర వర్జీనియాలో స్థిరపడ్డ తెలుగువారికి బాగా తెలిసిన ఊరే. అక్కడ కొలంబియా పైక్ రహదారి పక్కన ఆర్లింగ్టన్ ప్రెస్బిటేరియన్ చర్చి ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆదివారం ఆరాధనకు వచ్చేవారు తగ్గిపోయారు. పెద్ద భవనం, కొద్దిమంది సభ్యులు, పెరిగే మరమ్మతు ఖర్చులు. పాశ్చాత్య దేశాల్లో వేలాది చర్చిల పరిస్థితి ఇదే. చాలా చోట్ల స్థలాన్ని ఎవరో ఒక బిల్డరుకు అమ్మి, వచ్చిన డబ్బును బ్యాంకులో వేసుకుని సంఘం చెదిరిపోతుంది.

ఈ సంఘం మాత్రం ముందు వీధిలోకి నడిచింది. సభ్యులు చుట్టుపక్కల తిరిగి జనాన్ని పలకరించారు, వారి కష్టసుఖాలు విన్నారు. ఎక్కువగా వినిపించింది అద్దెల బాధ. ఈ ఊళ్లో పని చేసేవారికి ఈ ఊళ్లో ఉండే స్తోమత లేదు. రోజూ దూరం నుంచి వచ్చి పోతున్నారు. ఆ మాట విన్నాక సంఘం తన స్థలాన్ని తక్కువ అద్దెకు ఇళ్లు కట్టే ఒక లాభాపేక్ష లేని సంస్థకు అమ్మింది. పాత చర్చిని కూల్చారు. 2019లో అదే చోట 173 ఫ్లాట్లు సిద్ధమయ్యాయి. ఆ భవనానికి గిలియం ప్లేస్ అని పేరు పెట్టారు. రోండా గిలియం ఆ చర్చిలో ఒకప్పుడు సంఘ పెద్దగా ఉన్న నల్లజాతి వ్యక్తి, అవసరంలో ఉన్నవారికి బట్టలు పంచే పనిని అక్కడ నడిపిన మనిషి. సంఘం చెదరలేదు. అదే భవనం కింది అంతస్తులో చోటు అద్దెకు తీసుకుని ఆరాధన కొనసాగించింది.

173 అనే అంకె కంటే పని జరిగిన క్రమమే నాకు ముఖ్యం. స్థలం ఎంత పలుకుతుందనే లెక్కతో వాళ్లు మొదలుపెట్టలేదు. ఈ వీధికి ఏం కావాలని అడిగిన తర్వాతే స్థలం సంగతి చూశారు. కూల్చివేత అంత తేలికగా జరిగిందనీ నేను అనను. పెళ్లి చేసుకున్న చోటు, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించిన చోటు, తల్లిదండ్రులకు కడసారి వీడ్కోలు పలికిన చోటు నేలమట్టమవుతుంటే చూడటానికి గుండె రాయి చేసుకోవాలి. ఆ త్యాగానికి నేను తల వంచుతాను.

కూల్చకుండా చేసినవాళ్లూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిఖ్ట్‌లో 1294లో ప్రతిష్ఠించిన డొమినికన్ చర్చి ఇప్పుడు పుస్తకాల దుకాణం. 1794లో ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకున్నాక అక్కడ ఆరాధన ఆగిపోయింది. తర్వాత అది రకరకాల అవసరాలకు వాడుకలోకి వచ్చి, ఒక దశలో సైకిళ్లు దాచే చోటుగా మిగిలింది. 2006లో పుస్తకాలు వచ్చాయి. గోడలను తాకకుండా నిలబెట్టిన ఎత్తైన నల్లని ఉక్కు అరల మధ్య మెట్లెక్కి, పాత కప్పు కిందికి చేరి పుస్తకం తిరగేయవచ్చు. అందమైన పనే. అయినా నన్ను ఎక్కువ కదిలించేది ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్. అక్కడ మధ్యయుగాల నాటి ఆల్ సెయింట్స్ చర్చిలో 1997 నుంచి పడమటి భాగంలో భోజనశాల నడుస్తోంది, తూర్పు భాగంలో ప్రార్థన సాగుతోంది. మధ్యాహ్నం సూపు తాగడానికి వచ్చిన మనిషికి కాసేపు మౌనంగా కూర్చోవాలనిపిస్తే నాలుగడుగులు వేస్తే చాలు.

మన దగ్గర సమస్య పూర్తిగా వేరు. తెలుగు నేలలో చర్చిలు ఖాళీ కావడం లేదు. పండుగ రోజుల్లో మందిరం చాలక బయట షామియానాలు వేస్తున్నారు. మనకు ఖాళీగా ఉన్నవి ఒకప్పుడు విదేశీ మిషనరీలు నడిపిన మిషన్ కాంపౌండ్లలోని పాత ఆసుపత్రి వార్డులు, హాస్టళ్లు, దొరల బంగళాలు, వాటి చుట్టూ ఉన్న నేల.

నేను పెరిగిన ఊళ్లోనూ ఒక మిషన్ కాంపౌండు ఉంది. రోడ్డు వైపు ప్రహరీ పగలగొట్టి వరసగా షట్టర్లు పెట్టారు. మొబైల్ రీఛార్జి, చెప్పుల దుకాణం, బిర్యానీ పాయింటు. వాటి వెనక పెంకులు జారిపోయిన ప్రసూతి వార్డు ఉంది. మా వీధిలో సగంమంది అక్కడే పుట్టారు. వరండాలో ఇనుప మంచాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి, తుప్పు పట్టి. దుకాణాలు ఎవరికి ఇచ్చారో, అద్దె ఎంతో, అది దేనికి ఖర్చవుతుందో సంఘంలో నేను అడిగిన ఎవరికీ తెలియదు. ఊరిని సరే, సంఘాన్నే ఎవరూ అడగలేదు.

ఈ ఆస్తులు ఎలా వచ్చాయో గుర్తు చేసుకుంటే బాధ ఇంకా ఎక్కువవుతుంది. మెదక్ చర్చి పని 1914లో మొదలై 1924లో ముగిసింది. కరువు కాలంలో రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ నిర్మాణాన్ని జనానికి కూలి, తిండి దొరికే పనిగా మలిచారు. ప్రతిష్ఠ జరగకముందే ఆ గుడి ఆకలి తీర్చింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు ఆసుపత్రికి హిందువైన రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. రోగులు ఏ మతంవారని ఆయన చూడలేదు. ఇలాంటి చరిత్ర ఉన్న నేల మీద ఊరికి హక్కు లేదని అనగలమా? చట్టం ప్రకారం యాజమాన్యం చర్చి ఆస్తులు చూసే ట్రస్టుదే. న్యాయం ప్రకారం ఊరికీ అందులో మాట ఉండాలి.

ఏం చేయవచ్చో ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కరలేదు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు నెలకింత కట్టి ఇరుకు గదుల్లో, ప్లైవుడ్ అరల మధ్య కూర్చుని చదువుకుంటున్నారు. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే సంఘం హాలుకు ఫ్యాన్లు, బల్లలు, తాగునీరు ఉంటే చాలు. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఒంటరిగా ఇక్కడ ఉన్న ఇళ్లు కోస్తాలోనూ తెలంగాణలోనూ వీధికి నాలుగు కనిపిస్తాయి. పగటిపూట పెద్దవాళ్లు వచ్చి కూర్చుని, వేడిగా అన్నం తిని, బీపీ చూపించుకుని వెళ్లే చోటుగా ఆ పాత వార్డు మారితే అది మళ్లీ ఆసుపత్రి పనే చేసినట్టవుతుంది. దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలకు కాలేజీ ఉన్న ఊళ్లో భద్రమైన హాస్టలు దొరకక చదువులు ఆగిపోతున్నాయి. ఒకప్పుడు ఆ పిల్లల అమ్మమ్మలను చదివించింది ఈ కాంపౌండ్ల బోర్డింగ్ స్కూళ్లే.

డబ్బు ఎక్కడిదంటారు. నిజమే, మరమ్మతుకు డబ్బు కావాలి. రోడ్డు పక్క దుకాణాలు ఉండకూడదని నేను చెప్పడం లేదు. వాటి అద్దె వెనకనున్న వార్డు పైకప్పుకు చేరాలంటున్నాను. అమ్మకం జోలికి పోకూడదు. ఆర్లింగ్టన్ సంఘం అమ్మింది కదా అనవచ్చు. వాళ్లు ఎవరికి, దేనికి అమ్ముతున్నారో సంఘమంతా కూర్చుని ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. మన దగ్గర ఆ చర్చ అలవాటయ్యేదాకా లీజే మేలు. కాలపరిమితి, అద్దె, ఏ పనికి వాడాలన్న షరతు కాగితం మీద ఉండాలి. ఆ కాగితం నకలు ఆదివారం ఆరాధన తర్వాత అందరూ చదివేలా మందిరం గుమ్మం పక్కన బోర్డు మీద అంటించాలి. పెళ్లి ప్రకటనలు అంటించేదీ ఆ బోర్డు మీదే.